పురుగుల పెళ్లికి పిలుపు

మా పెద్దత్త పోయింది. మా మామగారికి అక్క ఆమె. చిన్న వయసులోనే భర్త పోతే, వనపర్తి దగ్గరున్న మా ఊళ్లో, తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది. నేను ఐదు వరకే చదివాను. రాత కుదురుగా ఉండదు, తప్పులుంటే మన్నించండి. ఆమె గురించి రాసేవాళ్లు ఇంకెవరూ లేరని రాస్తున్నాను.

మాది వేరుశనగ చేను. తొలివాన పడిన సాయంత్రం మట్టిలోంచి పెంకుపురుగులు లేచి వేపచెట్లకు చేరతాయి. అక్కడ జతకట్టి, చేలలోకి దిగి గుడ్లు పెడతాయి. వాటి పిల్లలు వేర్లు తినేస్తే పైరు నిలబడ్డచోటే ఎండిపోతుంది. ఆడపురుగు విడిచే వాసన లాంటి మందు ఒకటుందని వ్యవసాయాధికారి ఆమెకు చెప్పాడు. స్పాంజి ముక్కకు పట్టించి చెట్టుకు కడితే పురుగులు ఆ చెట్టు వెతుక్కుంటూ వస్తాయి. కింద దుప్పటి పరిచి, కొమ్మలు దులిపి, ఏరి, కిరసనాయిలు నీళ్లలో వేయాలి. ఆ మందుది సోంపు వాసన, ఆ రోజుల్లో ఆమె కొంగు కూడా అదే వాసన వేసేది.

కొత్త కోడలిని, ఆ సంగతి వినడానికే సిగ్గుపడేదాన్ని. ఆమె నవ్వేది.

"సిగ్గెందుకు పిల్లా? ఆడపురుగుకు నోరు లేదు, వాసనతోనే పిలుస్తది. పెండ్లిళ్లల్ల బొట్టు పెట్టి పిలిచేతందుకు నన్ను తోల్కపోరు. పురుగుల పెండ్లికైతే నేనే పెద్ద ముత్తైదువను."

ఒక్క చెట్టు దులిపితే చాలదు, చుట్టుపక్కల అందరూ ఒకే సాయంత్రం దులపాలి. అందుకే మబ్బు పట్టగానే గడపగడపా తిరిగేది. పక్క చేనాయన, నాకు వరసకు మామ, ఆమెను ఏడిపించేవాడు.

"అక్కా, మా పురుగులు గూడ నీ చెట్టుకే వస్తయి గద. మాకేంది తిప్పలు?"

"రానియ్యి తమ్మీ. మిగిలినయి నీ చేన్లనే గుడ్లు పెడ్తయి. పురుడు నువ్వే పొయ్యి."

గొణుక్కుంటూనే దుప్పటి తెచ్చేవాడు. ఆమె తిరిగినన్నాళ్లూ మా చేలు పచ్చగా నిలిచాయి.

ఈసారి ఆమె దినాలు కాకముందే వాన పడింది. అందరికీ చెప్పి వద్దామని బయల్దేరితే మా ఆయన ఆపాడు.

"అంటుల ఉన్నం. ఎవరింటికి పోతవ్?"

"పురుగులకు అంటు ఉంటదా?" అన్నాను.

ఆయన గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

సాయంత్రం చేనుకు పోయి, మా వేపకు స్పాంజి నేనే కట్టాను. పక్క చేలో మామ కనిపిస్తే, ఎన్నడూ గొంతెత్తనిదాన్ని, గట్టున నిలబడి కేకేశాను.

"మామా, ఇయ్యాల్నే దులపాలె."

"దినాలు కానియ్యి బిడ్డా. జర ఆగుదాం."

పోయినామె మీద గౌరవంతోనే అన్నాడు. ఆ గౌరవం మీదే నాకు మండింది.

చీకటి పడేసరికి మా దుప్పటి నిండింది. గట్టు అవతల మామ వేపచెట్టు ఆకులు గాలి లేకుండానే కదులుతున్నాయి.