మామ్మ దగ్గర నేర్చిన పలుకు

ఇంటికి అతిథులొస్తే చాలు, వంటింట్లో పని చేసుకుంటున్న శాంతిప్రియని మేడమ్ పిలిచి "వోతమ్" అనిపించేది. ఆమె అనేది. సోఫాల్లో కూర్చున్నవాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. ట్రే పట్టుకుని శాంతిప్రియా నవ్వేది. జీతానికొచ్చిన చోట నవ్వకపోతే పొగరంటారు.

రాజోలు పక్కనుంచి దుబాయ్ వచ్చిన ఆమెకి ఆ హంగేరీవాళ్లింట్లో పని, మంచం పట్టిన ముసలావిణ్ణి, మేడమ్ అత్తగారిని, చూసుకోవడం. ఆవిడని మామ్మా అని పిలిచేది. మామ్మది పల్లెటూరు. శాంతిప్రియకి ఆ హంగేరీ భాష మామ్మ నోటినుంచే పట్టుబడింది. "ఉన్నాను" అనడానికి పట్నంలో చదువుకున్న మేడమ్ "వొల్తమ్" అంటుంది. మామ్మ ఊళ్లో మధ్యలో లకారం జారిపోయి, ముందున్న అచ్చు సాగి "వోతమ్" అవుతుంది. మన "వస్తున్నాను" గోదారి నోట "వత్తన్నాను" అయినట్టే. ఇందులో నవ్వడానికేముంది?

పక్కగదిలోకి వెళ్లొచ్చినా మామ్మ నిలదీసేది, ఎక్కడున్నావే ఇంతసేపూ అని. వంటింట్లో ఉన్నానని శాంతిప్రియ ఆ యాసలోనే చెబితే ముసలి ముఖం విప్పారేది.

"నువ్వు మా ఊరి పిల్లవేనే."

ఆ నవ్వులు పడలేక శాంతిప్రియ ఇస్త్రీ చేస్తూ, గొణుక్కుంటూ మేడమ్‌లా పలకడం నేర్చుకుంది. మామ్మ దగ్గర మాత్రం పాత పలుకే.

2021లో మామ్మకి కరోనా సోకింది. ఆస్పత్రిలోకి ఎవరినీ రానివ్వలేదు. కొడుకూ కోడలూ ఫోన్ చేస్తే మామ్మ తన పిల్లేదని అడిగేది. ఒక్క నిమిషం మాట్లాడనివ్వమని శాంతిప్రియ బతిమాలింది. ఇప్పుడు కాదన్నారు, రేపన్నారు. చివరికి ఆ కొడుకే, సారు, ఫోన్ అందించాడు. మామ్మకి అప్పటికే చూపు ఆనడం లేదు. గొంతే గుర్తు.

ఎక్కడున్నావే ఇంతసేపూ, అంది మామ్మ.

చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి వింటున్నారు. మళ్లీ నవ్వుతారేమోనని బెదురు. ఇక్కడే ఉన్నానని చెప్పబోయి, పొట్టిగా, శుభ్రంగా "వొల్తమ్" అనేసింది.

"మీరెవరండీ?" అంది మామ్మ.

అంతలో అవతల నర్సు ఫోన్ తీసేసింది. తెల్లారేసరికి మామ్మ లేదు. వారం తిరక్కుండా శాంతిప్రియకి పని ఖలాస్ అన్నారు.

ఇప్పుడు దుబాయ్ దగ్గరి అజ్మాన్‌లో, నలుగురు ఆడవాళ్లతో కలిసి ఉండే గదిలో ఆమె అడుగుతుంది: "నేనేనని తెలియడానికి ఆ ఒక్క మాట చాలు గదండీ. దాన్నే ఎందుకు దిద్దుకున్నాను?"

పరాయివాళ్ల కథ అని పక్కన పెట్టకండి. "ఏదీ, మీ యాసలో ఇంకోసారి అను" అని పనావిడని చుట్టాల ముందు ఆడించే తెలుగిళ్లు ఇక్కడ లేవా? ఆ ఆట ఈ రోజే మానండి. ఎవరింట్లో కనిపించినా అక్కడే అడ్డు చెప్పండి. మీ పెద్దవాళ్లని సాకిన మనిషికి, వాళ్ల ఆఖరి ఘడియలో ముందు ఫోన్ ఇవ్వండి. బతిమాలించుకోకండి.