మిరప కాటా ఎక్కిన మనవరాలు

ఈ రోజు మిరపకాయల బస్తాలు తూయించడానికి నరసరావుపేట కమీషన్ కొట్టుకు వెళ్తూ మనవరాలు సునీతను వెంట తీసుకెళ్లాను. కాలేజీలో తోటిపిల్లలు "ఓణీ వేసుకున్న బస్తా" అన్నారని నెల రోజులుగా ఆ పిల్ల సగం అన్నం వదిలేస్తోంది. పొద్దున బస్సు దిగుతుంటే కళ్లు తిరిగి నా భుజం పట్టుకుంది.

కొట్టులో అడుగుపెట్టగానే కాటా ఎక్కింది. "అమ్మమ్మా, కిందటి నెల కాలేజీలో చూసుకున్నదాని కన్నా మూడు కిలోలు తగ్గా!" అని గంతేసింది.

తర్వాత మా బస్తాలు ఎక్కించారు. ఇంట్లో నలభై కిలోలు తూగిన ప్రతి బస్తా ఇక్కడ ముప్పై ఏడే తూగింది. అనుమానం వచ్చి, చెప్పులు విడిచి నేనూ ఎక్కాను. మొన్న ఆసుపత్రిలో యాభై రెండు కిలోలు ఉన్నదాన్ని, ఇక్కడ నలభై తొమ్మిదే!

"ఏందయ్యా, నేను కూడా పస్తులుంటున్నానా?" అని గుమస్తాను నిలదీశాను. కొట్టంతా నవ్వింది. అతను తల గోక్కుంటూ వేరే కాటా తెప్పించాడు.

సునీత మాత్రం ఏడుపు మొహం పెట్టింది. "అయితే నేనేం తగ్గలేదా?"

"ఏమే, బస్తాకు మూడు కిలోల కాయలు పోతుంటేనే బజారంతా వినపడేలా అరిచా గదా! మూడు కిలోల మనవరాలు పోతుంటే ఊరుకుంటాననుకున్నావా?"

మూతి ముడుచుకున్నదల్లా కిసుక్కున నవ్వింది. బస్టాండు హోటల్లో నాలుగు ఇడ్లీలు తిని, నా ప్లేటులోంచి ఐదోది లాక్కుంది. ఆ తరుగుకు మాత్రం నేను తగాదా పెట్టుకోలేదు.

మీ ఇంటి ఆడపిల్లలు ఏ కాటాను నమ్ముతున్నారో, మీరూ ఓసారి ఎక్కి చూసి చెప్పండి.