గులాబీ సబ్బు కాయితం

ఫోన్లో ప్రకటన చూసి కొత్త సబ్బు కావాలని మా అమ్మాయి పొద్దున్నే పేచీ పెట్టింది. "సబ్బంటే మా చిన్నప్పటి గులాబీ సబ్బేనే! టీవీలో చూపించినట్టే ఉక్కునగరం క్వార్టరంతా ఘుమఘుమలాడిపోయేది" అని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. వంటింట్లో చేపలు కడుగుతున్న అమ్మ ఫక్కున నవ్వింది.

"ఏ గులాబీ సబ్బే? అది మీ నాన్నకి స్టీలు ప్లాంటులో ఇచ్చే సబ్బు. నువ్వు టీవీ సూసి ఏడుత్తంటే, సబ్బు మీద అచ్చరాలు తడి వేలితో అరగదీసి, పక్క క్వార్టరు మేరీ దాచిచ్చిన గులాబీ సబ్బు ఖాళీ కాయితంలో సుట్టి ఇచ్చేదాన్ని నాను."

"మరి ఆ గులాబీ వాసన?"

"నాకేటి తెలుసు? నీకే వచ్చేది!"

అది విని మొదలైన మా అమ్మాయి నవ్వు ఇంకా ఆగలేదు. రోషం కొద్దీ సాయంత్రం సీతమ్మధారలో బస్సు దిగి ఆ గులాబీ సబ్బు కొన్నాను, జీవితంలో మొదటిసారి. ఇంటికొచ్చి విప్పి వాసన చూశాను. గులాబీలు బోలెడున్నాయి, మా క్వార్టరు మాత్రం లేదు. సబ్బు మా అమ్మాయికిచ్చేసి, కాయితం మడిచి దాచుకున్నాను.

మీ ఇళ్ళల్లో ఏ కాయితంలో ఏం చుట్టారో అమ్మని అడిగి చెప్పండి. అడిగే ముందు కాస్త గుండె దిటవు చేసుకోండి.