తిమ్మరాజు దగ్గు, యశోదమ్మ గొంతు

లోకమంతా గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం ఒకటుంది. పెనుకొండ యశోదమ్మ సరిగ్గా ఆ విషయం దగ్గరికి రాగానే గొంతు పెంచుతుంది. బియ్యం ధర, బంధువుల మీద చాడీ, దేవుడి మీద అలక, ఇవన్నీ మామూలుగానే మాట్లాడుతుంది. ఆలుమగల పడకటింటి సంగతి వచ్చిందా, ఎదురింటివాళ్లు టీవీ కట్టేసి కూర్చుంటారు.

ఆమె హిందూపురం కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైంది. పునరుత్పత్తి పాఠం రాగానే మిగతా లెక్చరర్లు "ఇది మీరే ఇంటికాడ చదువుకోండి" అని పేజీలు తిప్పేసేవాళ్లు. యశోదమ్మ తలుపులూ కిటికీలూ తెరిపించి మరీ చెప్పేది. ఆ వారమంతా పక్క గదిలో కామర్స్ పిల్లలు కూడా ఒక్కరోజు మానకుండా కాలేజీకి వచ్చేవాళ్లు.

ఆమె భర్త తిమ్మరాజు కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన నెమ్మదస్తుడు, మహా సిగ్గరి. భార్య గొంతును కప్పేయడానికి ఆయన కనిపెట్టిన ఒకే ఒక ఉపాయం దగ్గు. ఆమె ఎంత గట్టిగా మాట్లాడితే ఈయన అంత గట్టిగా దగ్గుతాడు. బస్సులో ఆయన పక్కన ఎవరూ కూర్చోరు. ఒకసారి ఆసుపత్రివాళ్లు ఇంటికే వచ్చి, కఫం పరీక్షకు డబ్బా ఇచ్చి పోయారు.

మొన్నామధ్య సంతలో కూరగాయల గోవిందమ్మ మునక్కాయల కట్ట ఎత్తి, తిమ్మరాజు వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించి, "తీసుకోమ్మా, అయ్యకు బలం" అంది.

"ఏం బలం?" అంది యశోదమ్మ, సంతంతా వినేటట్టు.

"అదేనమ్మా... ఆ బలం."

"ఎవురు చూసినారు? ఎంతమందికి తినిపించి చూసినారు? తిననోళ్లతో పోల్చి చూసినారా?"

తిమ్మరాజు దగ్గు అందుకున్నాడు.

"మునక్కాయ వేస్తే సాంబారు బాగుంటాది గోవిందమ్మా. అంతకుమించి ఎవురూ రుజువు చేయలా. నాలుగు కాయలియ్యి."

ఇంటికొచ్చాక తిమ్మరాజు మొత్తుకున్నాడు. "ఆ మాటలు నీకెందుకు మే? సిగ్గనేది ఉండాల్నా వద్దా?"

"గుండెను కోసి చూసినారు, ఎవురూ సిగ్గుపడలా. కడుపులోకి గొట్టం పెట్టి చూసినారు, సిగ్గుపడలా. ఇదొక్కటే చూడొద్దంటే ఎట్లప్పా? అరవై డెబ్బై ఏండ్ల కింద పరాయి దేశంలో డాక్టర్లు తిట్లు తింటానే వందలమంది ఆడోళ్లనూ మొగోళ్లనూ ఒప్పించి, ఆలుమగలు కలిసే పొద్దులో గుండె ఎట్ల కొట్టుకుంటాది, ఊపిరి ఎట్ల మారుతాది అని మిషన్లు పెట్టి కొలిచినారు. వాళ్లు చూసినారు కాబట్టి మనకు తెలిసింది. లేకుంటే అంతా లేహ్యం డబ్బాలోళ్ల రాజ్యమే."

ఒంటికి మిషన్లు పెట్టుకొని వాళ్లకు ఎట్ల కుదిరిందో అని తిమ్మరాజుకు పెద్ద అనుమానం వచ్చింది. అడగడానికి సిగ్గేసి, దగ్గి ఊరుకున్నాడు.

ఆ లేహ్యం డబ్బా చివరికి సొంతవాళ్ల ఇంట్లోకే వచ్చింది. తిమ్మరాజు మేనల్లుడు శివకృష్ణ ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. పెండ్లయి ఏడాది కాలేదు. మనిషి మగ్గం మానేశాడు, భార్య ప్రమోదతో మాట మానేశాడు, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పనికని తిరుగుతున్నాడు. దాంతో ప్రమోద మేనమామ కొండప్ప కనగానపల్లి నుంచి పెద్దమనుషులను వెంటబెట్టుకొని ఆదివారం వస్తున్నాడు, పంచాయితీ పెట్టి, తెగతెంపులు చేయించి, పిల్లను తీసుకుపోవడానికి.

ఆ ఆదివారం ధర్మవరం బస్సులో పోతూ తిమ్మరాజు భార్యకు చేతులు జోడించాడు. "యశోదా, నా చెల్లెలి కొడుకు సంసారం నిలబడాల. ఈ ఒక్క పొద్దూ నోరు తెరవద్దు మే."

"సరేప్పా."

తిమ్మరాజు ఆ సరేను నమ్మాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన మగవాడు అంత అమాయకంగా ఉండకూడదు.

వీధంతా మగ్గాలు ఆడుతుంటే శివకృష్ణ ఇల్లొక్కటే చప్పుడు లేకుండా ఉంది. సగం నేసిన చీర మగ్గం మీద అట్లే ఉంది. ప్రమోద సంచి సర్దుకొని గోడవార కూర్చుంది. కొండప్ప మీసం సవరించుకొని, "ఏమబ్బా, లోపం యాడుండాదో నలుగురిలో చెప్పు" అన్నాడు.

శివకృష్ణ తల వంచుకొని గొణిగాడు. "హిందూపురం లాడ్జీలో ఒక డాక్టరుండాడు. చూపించుకుంటి. చిన్నప్పట్నుంచి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్యావు, నడుం కింద నరాలు చచ్చిపోయినాయి, ఇంక సంసారానికి పనికిరావు అన్యాడు. మగ్గం ఇడిసి లేహ్యం తినమన్యాడు."

పెద్దమనుషులు పరామర్శకు వచ్చినవాళ్లలా తలలూపారు.

"ఎవురు చూసినారు?"

తిమ్మరాజు దగ్గుకు గాలి పీల్చుకునేలోపే యశోదమ్మ లేచి నిలబడింది. "ఒరే శివా, ఈ వీధిలో ఇంటింటికీ గుంత మగ్గం ఉండాది. మీ నాయన గుంతలోనే కూర్చున్యాడు, మీ తాత గుంతలోనే కూర్చున్యాడు. గుంతలో నరాలు చచ్చేట్లయితే నువ్వు యాడ నుంచి వచ్చినావురా? బయట క్రికెట్ ఆడతాండే పిల్లోళ్లంతా ఆకాశం నుంచి పడినారా?"

గోడ అవతల ఎవరో పకపకా నవ్వారు. శివకృష్ణ మొదటిసారి తల ఎత్తాడు. ఇంత చిన్న లెక్క తనకెందుకు తట్టలేదో పాపం అతనికే తెలియలేదు.

"భయపడినోని ఒళ్లు మాట వినదు నాయనా. గుంత మగ్గమోడైనా అంతే, కలెక్టరైనా అంతే. కొలిచి చూసి చెప్పిన మాట ఇది. లాడ్జీలోవాడు ముందు భయం అమ్ముతాడు, తర్వాత లేహ్యం అమ్ముతాడు. ప్రమోదా, నువ్వూ రామ్మా లోపలికి."

ఇద్దరినీ గదిలోకి తీసుకెళ్లి తలుపేసుకుంది. తిమ్మరాజు గొంతు సవరించుకొని సిద్ధమయ్యాడు. ఇక ఆ పిల్లల గుట్టు గోరంట్ల దాకా వినపడుతుందని ఆయన భయం.

ఏమీ వినపడలేదు. పెద్దమనుషులు ముందుకు వంగారు. కొండప్ప లేచి ఫ్యాను కట్టేశాడు. అయినా వినపడలేదు. అంత చెమటలో చెవులు రిక్కించుకొని కూర్చున్నా ఒక్క ముక్క బయటికి రాలేదు.

తిమ్మరాజుకు తన ఇంటి వంటగది గుర్తొచ్చింది. ఎవరెవరో ఆడవాళ్లు కరివేపాకు కోసమని వచ్చి, గంటసేపు కూర్చొని, కరివేపాకు మరిచి పోయేవాళ్లు. ఒకసారి ఒక లారీ డ్రైవరు కూడా కరివేపాకుకే వచ్చాడు. వాళ్లతో ఈమె ఏం మాట్లాడిందో పక్క గదిలో ఉన్న తనకు ఏనాడూ వినపడలేదు. బస్సులో, సంతలో ఆమె అరిచేది అడగడానికి నోరు రానివాళ్లకు ఏ తలుపు తట్టాలో తెలియడానికి. తలుపు మూశాక ఆ గొంతు ఎదుటి మనిషిని దాటి పోదు. తిమ్మరాజుకు భార్య మీద ప్రేమ ముంచుకొచ్చింది, తన దగ్గు మీద మాత్రం అసహ్యం వేసింది.

తలుపు తెరుచుకుంది. ప్రమోద కళ్లు తుడుచుకుంటూనే పెదవి కొరికి నవ్వు ఆపుకుంటోంది.

"పంచాయితీ లేదు. పిల్ల ఈడనే ఉంటానంటాంది" అంది యశోదమ్మ.

"అట్లెట్ల మేడం? లోపం ఎవురిదో మాకు తెలియాల గదా?" అన్నాడు కొండప్ప.

"అది వాళ్ల సంగతి."

"పెద్దమనుషులం, మాకు గూడా చెప్పకుంటే ఎట్ల?"

"చెప్పాల్నా? కూర్చోండి. పెద్దమనుషుల గురించే చెప్తా." ఆమె గొంతు వీధి చివరిదాకా లేచింది. "ఆ పరాయి దేశం డాక్టర్లు అరవై దాటినోళ్లను గూడా పరీక్ష చేసినారు. అరవై దాటిన మొగోళ్లకు ఏమైతాదంటే..."

ఒక పెద్దమనిషి చెప్పులు వెతుక్కున్నాడు. ఇంకొకాయన మోగని ఫోన్ చెవిన పెట్టుకొని బయటికి నడిచాడు. కొండప్ప గుమ్మం దాకా గంభీరంగా నడిచి, అక్కడ్నుంచి పరుగులాంటి నడక అందుకున్నాడు. తిమ్మరాజు దగ్గలేదు సరికదా, "ఉండి వినిపోండప్పా!" అని వెనకనుంచి కేకేశాడు.

ప్రమోద సంచి ఎత్తుకొని తానే లోపల పెట్టేసింది. శివకృష్ణ మగ్గం వైపు చూసి, "నిజంగా గుంతలోకి దిగొచ్చా అత్తా?" అన్నాడు.

"దిగురా. నడుం నొప్పి మాత్రం వస్తాది, దిండు పెట్టుకో."

వాళ్లు బస్టాండుకు బయల్దేరేసరికి వెనక మగ్గం ఆడుతున్న చప్పుడు వినపడింది.

తిరుగు బస్సు ఎక్కారు. తిమ్మరాజు అటూ ఇటూ చూసి, భార్య వైపు జరిగి, "యశోదా, ఆ అరవై దాటినోళ్ల సంగతి సగంలో ఆగిపాయె. ఇంతకీ ఏం కనుక్కున్నారంట?" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు. జవాబు బస్సు మొత్తానికీ వినపడుతుంది కదా.

యశోదమ్మ ఆయన చెవి దగ్గరికి వంగి, మెల్లగా చెప్పింది. చాలాసేపు చెప్పింది. తిమ్మరాజు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత ముఖమంతా నవ్వయింది. కండక్టరు టికెట్లు ఆపి ఈ వింత చూస్తున్నాడు.

ముందు సీటామె మెడ పూర్తిగా తిప్పి, "ఏం చెప్పిందన్నా అక్క?" అంది ఆశగా.

"అది మా సంగతి తల్లీ!" అన్నాడు తిమ్మరాజు, బస్సంతా వినేటట్టు.