పాలకాయతిప్ప కబురు

నాంచారమ్మకు ఎవరైనా ఏదైనా చెబితే చాలు, వాళ్ల నోరు మూతపడకముందే నమ్మేసేది. చిలకలపూడి గిల్టు గాజులు చేతిలో పెట్టి మేలిమి బంగారమంటే ఏళ్ల తరబడి వేసుకు తిరిగింది. అవి నల్లబడ్డాక, ఉప్పుగాలికి బంగారమైనా అంతేనని ఆడపడుచు అంటే అదీ నమ్మింది మహాతల్లి. గిలకలదిండి రేవులో పొద్దుపోని వాళ్లందరికీ ఆవిడో కాలక్షేపం.

అలాంటి మనిషి మొగుడు సముద్రంలో చిక్కుకుపోయాడు. బాలాజీ ఎక్కిన బోటు గురువారానికి రావాలి. శుక్రవారం గాలి లేచింది, బాలాజీ ఫోను మోగడం మానేసింది. శనివారం పొద్దున నాంచారమ్మ జెట్టీ మీదే కూర్చుని ఉంది, పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. చేపలు వేలం వేసే భూషణం గుడివాడ వ్యాను ఎక్కబోతూ ఆవిడ్ని చూసి ఆగాడు.

"బోటు పాలకాయతిప్ప దగ్గర ఒడ్డుకి చేరిందంటమ్మా. ఫోను తడిసిపోయిందంట. వెళ్లి ఓ ముద్ద తిను" అన్నాడు.

ఆవిడ తింటే చాలనుకున్నాడు పెద్దమనిషి. అంతకు మించి ఆలోచిస్తేగా!

నాంచారమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి వెళ్తూ, బాలాజీ వాళ్లను వెతకడానికి బయల్దేరుతున్న రెండు బోట్ల వాళ్లకీ ఆ కబురు చెప్పేసింది. ఎవరన్నారని అడిగారు వాళ్లు. భూషణం పేరు వినగానే ఇంజన్లు ఆపేశారు. ఇన్నాళ్లూ ఆవిడ్ని వెర్రిబాగులదని నవ్విన మగాళ్లే, ఆ గాలికి ఎదురెళ్లక్కర్లేదంటే ఎంత తేలిగ్గా నమ్మారో! పాలకాయతిప్పకు ఒక్కడూ ఫోను చేసి కనుక్కోలేదు.

ఆవిడ తిన్నది. మొగుడికి పులుసు కూడా వండింది. సాయంత్రం తల దువ్వుకుని జెట్టీకి వచ్చేసరికి భూషణం వ్యాను దిగుతున్నాడు. కట్టేసి ఉన్న బోట్లు చూసి, వీళ్లు వెళ్లలేదేమని అడిగాడు. సంగతి విని ఐసు పెట్టె మీద కూలబడ్డాడు.

"నాకెవరూ చెప్పలేదురా. అమ్మాయి తింటుందని నేనే అలా అన్నాను."

ఒకడు ఆయన చొక్కా పట్టుకున్నాడు. మిగతావాళ్లు తాళ్లు విప్పడానికి పరిగెత్తారు. వెతకాల్సిన పగలంతా పోయింది, గాలి ఇంకా పెరిగింది.

నాంచారమ్మ ఏడవలేదు, తిట్టలేదు. వచ్చి భూషణం ఎదురుగా నిలబడింది.

"ఆయన వస్తారని చెప్పన్నయ్యా. నువ్వు చెబితే నమ్ముతాను" అంది.

ఎన్ని మాటలైనా గుక్క తిప్పుకోకుండా చెప్పే మనిషి తల దించుకున్నాడు. బోట్లు సముద్రంలోకి దాటి కనుమరుగయ్యేదాకా ఆవిడ ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆయన ఆ ఒక్క మాటా చెప్పలేకపోయాడు.