రైట్, రైట్!

బస్సు బోర్డు చదవడం రాని రోజుల్లో ఒక కండక్టరన్న గొంతు విని ఉప్పల్ బస్సెక్కేదాన్ని. రిటైరయ్యాక ఆయన నాచారంలో మా గల్లీకే వచ్చాడు. గొంతు మాత్రం రిటైర్ కాలేదు. పాలు పొంగితే, బస్సు ఆపినట్టే "హోల్డాన్!" అని అరిచేవాడు.

ఆయన భార్యకు మోకాలి ఆపరేషన్ అయింది. రోజూ నడవకపోతే కాలు బిగుసుకుపోతుందన్నాడు డాక్టరు. వదినకేమో గడప దాటాలంటే భయం. పొద్దున్నే కండక్టరన్న గేటు మీద టకటకా కొట్టేవాడు.

"రైట్, రైట్!"

"నేనేమన్న బస్సునా?"

"బస్సైతే ఎప్పుడో కదులుతుండె."

ఆ కోపంతోనే వదిన ఒక్కో అడుగు వేసేది.

చలికాలం వచ్చేసరికి గల్లీ చివరిదాకా చకచకా నడిచింది. వెనక ఆయనే రొప్పుతూ అరిచాడు.

"హోల్డాన్! హోల్డాన్!"

వదిన తిరిగి చూడలేదు.

"ఇది ఎక్స్‌ప్రెస్. ఈ స్టాపుల ఆగది!"