మోరక్క పడవ, పరమేశన్న తర్జుమా

మా ఇబ్రహీంపట్నం బస్టాండ్ ఎదురుంగ చాయ్ హోటల్ నడిపే పరమేశన్నకు ఒకటే పిచ్చి. హోటల్ టీవీల స్కాట్లాండోళ్ళ సీరియళ్ళు తప్ప ఇంకోటి పెట్టడు. ఎలక్షన్ ఫలితాల నాడు సుత వార్తలు పెట్టలే. ఊరంత ఎవరు గెలిచిండ్రని కొట్లాడుతుంటే, మా హోటల్ల మాత్రం ఎర్రజుట్టు ముసలామె ఒకామె వానల తడుసుకుంట ఎవర్నో తిడుతుండె.

నాది పక్కనే జిరాక్స్ దుకాణం. చాయ్ దినాం ఆడనే. అందుకే ఆ ముసలామె నాకు మా మేనత్త కన్న ఎక్కువ తెల్సు. పేరు మోరాగ్. పరమేశన్న నోట్ల మోరక్క అయింది. ఓ దీవిల పడవ నడుపుతది. కొడుకులంత పనికిరానోళ్ళు. ఆ నవ్వుల సీరియల్ అయిపోతే పోలీసు సీరియల్ షురువైతది. దాంట్ల సుత వానే.

పరమేశన్న ఎన్కట గల్ఫ్‌ల చమురు క్యాంపుల వంట చేసిండు. ఆడ స్కాట్లాండ్ ఇంజినీర్లు తిన్నంక ఇవే చూసి పడీపడీ నవ్వేటోళ్ళట. లండన్ ఇంజినీర్లేమో ఇదేం ఇంగ్లీషు అని మూతి తిప్పేటోళ్ళట.

"గప్పుడే వీళ్ళ మీద పాయిరం పుట్టింది తమ్మీ," అంటడు. "లండనోళ్ళ కోసం తియ్యలే ఇవి. వాళ్ళోళ్ళ కోసం, వాళ్ళ మాటల్ల తీసుకున్నరు. సమజ్ కానోడు చాయ్ తాగి పోవాలె."

శానమంది పోయిండ్రు సుత. ఎదురు హోటలాయన క్రికెట్ పెట్టి మా గిరాకీ అంత గుంజుకున్నడు. పరమేశన్న ఏం చేసిండు? టీవీ సౌండ్ పెంచిండు.

సౌండ్ ఒక్కటైతే ఓర్చుకుందుము. చాయ్ వడబోసుకుంట తర్జుమా సుత చేసుడు మొదలువెట్టిండు. ఈ కొత్త రోగం ఆయన మేనకోడలు వనిత వచ్చినంక పట్టుకుంది.

వనిత డిగ్రీ చదివి, పట్నంల ఒక ఆఫీసుల ఫోన్లు ఎత్తే నౌకరికి పోయింది. ట్రైనింగుల సారు ఆమెను అందరి ముందట నిలవెట్టి, "నీ యాస ఇంకోసారి వినిపియ్యి," అన్నడట. అందరు నవ్విండ్రట. పిల్ల వాపసొచ్చింది. వచ్చినకాడికెల్లి మాట బంద్. అన్నం తింటవా అంటే తలకాయ ఊపుడే. పరమేశన్న ఏం అడగలే. తెచ్చి గల్లా కాడ కూసోవెట్టిండు, అంతే.

ఓనాడు టీవీల గాలి జోరుగ కొడుతుంది. ఒక రైతు పడవ ఎక్కుతనంటున్నడు, మోరక్క వద్దంటుంది. పరమేశన్న మా దిక్కు తిరిగి, "సమజైందా? నీ బర్రె కంపు కొడుతుంది, పడవల ఎక్కియ్య అంటుంది," అన్నడు.

తెర మీద బర్రె లేదు.

గల్లా కాడికెల్లి సన్నగ ఇనవడ్డది: "బర్రె కాదు మామా, గాలి. కింద ఇంగ్లీషుల అక్షరాలు పడుతున్నయి గద."

"అవ్వా? మరి నాకు బర్రె లెక్కనే ఇనవడ్డది బిడ్డా."

ఆనాటి నుంచి పరమేశన్న తర్జుమా రోజురోజుకు పాడైంది. పోలీసాయన శవాన్ని దవాఖానకు పంపుమంటే, "అల్లునికి కోడి కొయ్యుమంటున్నడు," అంటడు. వనిత నెత్తి పట్టుకొని మొత్తం కథ మొదటికెల్లి చెప్పాలె. మేం కప్పులు పట్టుకొని ఆమె దిక్కు తిరిగి కూసునేటోళ్ళం.

మ్యాచ్ ఉన్న ఓనాడు ఎదురు హోటల్ల జాగ దొరకక రమాకాంత్ మా కాడికొచ్చిండు. బొంగులూరుల ప్లాట్లు అమ్ముతడు, అచ్చు పుస్తకం లెక్క మాట్లాడుతడు.

"పరమేశ్వర్ గారూ, కాస్త మ్యాచ్ పెట్టండి. ఇది అసలు ఇంగ్లీషేనా? సరైన భాష వింటే ఆ అమ్మాయికైనా ఉచ్చారణ బాగుపడుతుంది."

పరమేశన్న గంటె కింద పెట్టిండు. ఆయన నోరు తెరిచేలోపే వనిత లేచింది.

"నా మాటకేమైంది సారూ? మీరు ప్లాట్ అమ్మనీకి మా బాపు కాడికొచ్చినప్పుడు గిదే మాట మాట్లాడితిరి. పైసలు చేతుల పడ్డంక మాట మారిందా? ఈ టీవీ బంద్ గాదు. కూసుంటే కూసోండి, సమజ్ కాకపోతే నేను చెప్తా."

రమాకాంత్ కూసున్నడు. మోరక్క చిన్న కొడుకు మాయమైన ఎపిసోడ్ అది, అయిపోయేదాక లేవలే. పోయేటప్పుడు, "ఆ చిన్న కొడుకు దొరుకుతాడా?" అని అడిగిండు. రేపు వస్తే తెలుస్తదన్నది వనిత.

తర్వాత ఓ పొద్దున నేను తొందరగ పోయిన. హోటల్ ఖాళీ. పరమేశన్న ఫోన్ల ఎనకటి గల్ఫ్ క్యాంపు ఇంజినీర్ డంకన్ సాబుతోని మాట్లాడుతున్నడు. అచ్చం మోరక్క కొడుకు లెక్క, గడగడ, ఆడాడ తిట్లు కలిపి. నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. ఆయనకు అన్ని సమజైనయి.

ఫోన్ పెట్టినంక అడిగిన. "అన్నా, గింత వచ్చినోనివి, బర్రెలు, కోళ్ళు ఎందుకు చెప్తవే?"

"నేను సక్కగ చెప్తే అదెందుకు నోరు తెరుస్తది తమ్మీ? జర ఎవలకు చెప్పకు."

ఇప్పుడు వనిత ఒక యూట్యూబ్ ఛానల్ల మండలం వార్తలు మన మాటల్లనే చదువుతుంది. మాపటికి మాత్రం గల్లా కాడనే ఉంటది. మొన్న ఉండబట్టలేక ఆమెకు సంగతి చెప్పేసిన.

వనిత లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"నాకు కోడి కోసిన నాడే తెల్సు అన్నా. మామ ఎంత సంబురంగ తప్పులు చెప్తడో చూసినవ్ గద. ఎట్ల ఆపుమంటవ్?"